పొయ్యిలో కాళ్ళు పెట్టిన దెయ్యం

యాభై దాటిన తెలుగువాళ్ళ మధ్య దెయ్యాల సినిమా ప్రస్తావన తెచ్చి చూడండి. ఊరేదైనా, వాళ్ళు సినిమా చూసిన హాలేదైనా, కాసేపటికి మాట ఓ వంటింట్లోకి వచ్చి ఆగుతుంది. అక్కడో పొయ్యి. పొయ్యి ముందు దెయ్యం. వంట చెయ్యాలి. కట్టెల కోసం అది అటూ ఇటూ చూడదు. తీరిగ్గా కూర్చుని, కట్టెల బదులు తన కాళ్ళే పొయ్యిలోకి చాపేస్తుంది. కాళ్ళు భగభగా మండుతుంటాయి. దాని దారిన అది వంట చేసుకుపోతుంటుంది.

బి. విఠలాచార్య తీసిన ‘జగన్మోహిని’లోని దృశ్యమది. 1978లో వచ్చింది. జయమాలిని మోహిని, నరసింహరాజు హీరో, ప్రభ అతని భార్య. ఆ సినిమా చూసొచ్చిన రాత్రి మంచినీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళాలంటే పిల్లలకు కాళ్ళు వణికాయి. అమ్మని లేపి, ఆవిడ కొంగు పట్టుకుని వెళ్ళొచ్చారు. పొయ్యిలో మిగిలిన నిప్పు కణిక చూసినా గుండె ఝల్లుమనేది. ఇప్పుడు ఆ పిల్లలే తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. వాళ్ళ మనవలు అదే దృశ్యాన్ని ఫోన్లో చూసి పడీపడీ నవ్వుతున్నారు. ‘‘తాతయ్యా, దీనికా నువ్వు భయపడింది?’’ అని అడుగుతున్నారు.

అడగాల్సిన ప్రశ్నే. ఇవాళ ‘జగన్మోహిని’ చూస్తూ నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. పొగ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు మాయమవుతారు. పొగ కాస్త ముందే వచ్చేస్తే, మాయం కావాల్సిన మనిషి దాని కోసం ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంటారు. అయినా సరే, ఆ పొయ్యి దృశ్యం వచ్చేసరికి నవ్వు మధ్యలోనే ఏదో ఒకటి చల్లగా వీపు మీద పాకుతుంది. ఎందుకంటే పాతబడింది ట్రిక్కులే. ఆ ఊహకి ముసలితనం రాలేదు. దెయ్యాన్ని శ్మశానం నుంచి లేపి తెచ్చి మన వంటింట్లో కూర్చోబెట్టడం అనే ఊహ ఇప్పటికీ అంతే పదునుగా ఉంది.

ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మొగుడు

కథ నాలుగు ముక్కల్లో అయిపోతుంది. వెనకటి జన్మలో ఓ మగవాడి చేతిలో మోసపోయిన ఆడది చచ్చి మోహిని అవుతుంది. మోసం చేసినవాడు మళ్ళీ పుట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు, సుఖంగా ఉన్నాడు. మోహిని అతని కోసం వచ్చి వల వేస్తుంది. అతగాడు ఎంచక్కా ఆ వలలో పడతాడు. భార్య పరమ భక్తురాలు. ఆమె దగ్గర కత్తి లేదు, మంత్రం లేదు. ఉన్నదల్లా నమ్మకం, అమ్మవారి మీద భారం. ఆ నమ్మకంతోనే మొగుణ్ణి వెనక్కి లాక్కోవాలి.

జానపదం ముసుగు తీసి చూస్తే ఇది అచ్చంగా సవతి పోరు కథ. అందుకే ఇది ఇళ్ళల్లోకి అంతగా వెళ్ళింది. రాజుగారి కోటలో తిరిగే భూతం గురించి పల్లెటూరి ఇల్లాలికి బెంగ ఎందుకుంటుంది? తన మొగుడి మీద కన్నేసిన దెయ్యమంటే మాత్రం తప్పకుండా ఉంటుంది. నేల తరగతిలో కూర్చున్న ఆడవాళ్ళు మోహినిని తిట్టిన తిట్లలో దెయ్యాన్ని తిట్టినవి తక్కువ, సవతిని తిట్టినవి ఎక్కువ. ప్రభ దేవి ముందు కూర్చుని కన్నీళ్ళతో వేడుకుంటుంటే కొంగుతో కళ్ళొత్తుకున్నవాళ్ళే, మరుక్షణంలో జయమాలిని ప్రత్యక్షం కాగానే పళ్ళు పటపటలాడించేవారు. మగవాళ్ళు మాత్రం ఆ మరుక్షణం కోసమే టికెట్టు కొన్నారన్నది దాచాల్సిన సంగతేం కాదు.

నరసింహరాజు పాత్ర ఇప్పుడు చూస్తే భలే సరదాగా ఉంటుంది. ఇంత జరుగుతున్నా ఆయనకి ఏమీ తెలియదు. దెయ్యమొచ్చి ఎదురుగా నిలబడితే అందం కనిపిస్తుంది తప్ప అనుమానం రాదు. ఆంధ్రా కమల్‌హాసన్ అని పిలిపించుకున్న ఆ నటుడు అంతటి అమాయకత్వాన్ని ఎక్కడా తడబడకుండా మోశాడు. ఆయనా ప్రభా ఇద్దరూ 1974లో ‘నీడలేని ఆడది’తోనే తెరకి పరిచయమయ్యారు. నాలుగేళ్ళ తర్వాత ఈ సినిమాలో మొగుడూ పెళ్ళాలుగా ఓ దెయ్యంతో కాపురం చేయాల్సి వచ్చింది. ఆ ముగ్గురిలో ఎవ్వరూ ‘ఇదంతా ఉత్తిదే’ అన్నట్టు నటించరు. వాళ్ళకి లేని అనుమానం మనకెందుకని, హాల్లో కూర్చున్నవాళ్ళు కూడా నమ్మేశారు.

హోటల్ నుంచి డేరా హాలుకి

ఇంతటి దెయ్యాన్ని పెంచి పోషించిన మనిషి తెలుగువాడు కాదు. విఠలాచార్య 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టారు. చదువు మూడో తరగతితో సరి. తొమ్మిదేళ్ళకే ఇల్లు వదిలి అరసికెరె చేరి, దొరికిన పనల్లా చేసి, చివరికి ఓ ఉడుపి హోటల్ నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళారు. బయటికొచ్చాక హోటల్ని తమ్ముడికి అప్పగించి, డి. శంకర్‌సింగ్ తదితర మిత్రులతో కలిసి ఓ టూరింగ్ టాకీసు కొన్నారు. ఆయన సినిమా చదువు మొత్తం ఆ డేరాలోనే జరిగింది. వచ్చిన ప్రతి సినిమా చూశారు. సినిమాతోపాటు, దాన్ని చూస్తున్న జనాన్నీ చూశారు.

ఇది చిన్న సంగతి కాదు. మద్రాసు స్టూడియోలో పుట్టి పెరిగిన దర్శకుడికి తెర ఎలా ఉంటుందో తెలుసు. డేరా హాలు నడిపినవాడికి నేల మీద కూర్చున్నవాడు ఏ రీలు దగ్గర ఆవులిస్తాడో, ఎక్కడ లేచి బీడీకి బయటికెళ్తాడో, ఎక్కడ పక్కవాడి భుజం పట్టుకుంటాడో తెలుస్తుంది. విఠలాచార్య సినిమాల్లో ఆవులించే వ్యవధి ఉండదు. కత్తియుద్ధం అయిపోగానే పాట, పాట అయిపోగానే మాంత్రికుడు, మాంత్రికుడు వెళ్ళగానే హాస్యం. ఆ డేరాలో నేర్చుకున్న లెక్క అది.

ఆయన పుట్టిన నేల గురించి కూడా ఓ మాట చెప్పుకోవాలి. ఉడుపి ప్రాంతం యక్షగానాలకీ భూతకోలాలకీ పెట్టింది పేరు. రాత్రి పొద్దుపోయాక దివిటీల వెలుగులో మొహాలకి రంగులు పులుముకుని, పెద్ద పెద్ద కిరీటాలు కట్టుకుని, దైవాలూ భూతాలూ జనం మధ్యకి వచ్చి ఆడతాయి, మాట్లాడతాయి, తగువులు తీరుస్తాయి. 2022లో ‘కాంతార’ చూసి తెలుగు ప్రేక్షకులు నోరెళ్ళబెట్టింది ఆ సంప్రదాయాన్నే. చిన్నప్పటి నుంచి నాటకాలన్నా బయలాటలన్నా యక్షగానాలన్నా చెవి కోసుకునే పిల్లాడికి దెయ్యం అంటే దూరంగా ఎక్కడో కూర్చుని భయపెట్టేది కాదు. అది ఊళ్ళోకి వస్తుంది, ఎదురుగా నిలబడుతుంది, తన గోడు చెప్పుకుంటుంది. మన వంటింట్లోకి వచ్చిన దెయ్యం అక్కడి నుంచే బయల్దేరిందని నా నమ్మకం.

మైసూరులో శంకర్‌సింగ్‌తో కలిసి మహాత్మా పిక్చర్స్ పెట్టారు. ఆ సంస్థ 1951లో కన్నడంలో తీసిన ఓ సినిమా పేరు కూడా ‘జగన్మోహిని’యే. ఆ పేరు ఆయన్ని అంత తేలిగ్గా వదల్లేదన్నమాట. తర్వాత సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్ పెట్టి, మద్రాసు చేరి, తెలుగులోకి దిగారు. ‘బందిపోటు’, ‘అగ్గిపిడుగు’, ‘మంగమ్మ శపథం’, ‘పిడుగు రాముడు’, ‘గండికోట రహస్యం’, ‘లక్ష్మీకటాక్షం’... ఎన్టీఆర్‌తో తీసిన ఈ సినిమాల పేర్లు చదువుతుంటేనే గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తుంది. కాంతారావు చేతికి ఆయన ఇచ్చిన కత్తులకి లెక్కేలేదు. జనం ఆయన్ని జానపద బ్రహ్మ అన్నారు.

డెబ్బైలు వచ్చేసరికి గాలి మారింది. ఎన్టీఆర్ ‘అడవి రాముడు’ అయ్యారు. ప్యాంట్లూ బెల్‌బాటమ్‌లూ వచ్చాయి. ‘మరోచరిత్ర’ వచ్చింది 1978లోనే. జానపదాల కాలం అయిపోయింది, కత్తులు అటకెక్కించండి అని అందరూ అంటున్న రోజుల్లో ఈ పెద్దాయన, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, పెద్ద హీరో ఎవరూ లేకుండా, ఓ ఆడదెయ్యాన్ని నమ్ముకుని బరిలోకి దిగారు. అది తెలుగులో ఆడింది. తమిళంలోకి మాటలు మార్చి తీసుకెళ్తే అక్కడా విరగబడి ఆడింది. అప్పటిదాకా పాటల్లో మెరిసిన జయమాలిని పేరు పోస్టరు మీద సినిమాని మోసే పేరయింది.

కదలొద్దు!

ఇక నవ్వొచ్చే సంగతి. మోహిని ఎలా మాయమవుతుందో దగ్గరికెళ్ళి చూద్దాం.

స్టూడియోలో సెట్టు. నటి మధ్యలో నిలబడి ఉంది. కెమెరాని వెంట్రుకవాసి కదలకుండా బిగించారు. షాటు నడుస్తుండగా దర్శకుడు ఆపమంటాడు. కెమెరా ఆగుతుంది. అక్కడున్న మిగతా నటులంతా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోవాలి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండాలి. నటి ఒక్కతే జాగ్రత్తగా పక్కకి తప్పుకుంటుంది. ఆమె నిలబడ్డచోట గుప్పున పొగ. కెమెరా మళ్ళీ తిరుగుతుంది. తెర మీద మోహిని మాయం.

చెప్పుకోవడానికి ఇంతే. చేసేటప్పుడు మనిషన్నాక కదలకుండా ఉంటాడా? ఎత్తిన చెయ్యి నొప్పెట్టి రెండంగుళాలు కిందికి దిగుతుంది. భుజం మీది ఉత్తరీయం జారుతుంది. భటుడి తల కాస్త పక్కకి తిరుగుతుంది. అందుకే తెర మీద మోహిని మాయమైన ఆ క్షణంలో చుట్టూ ఉన్నవాళ్ళందరూ చిన్నగా ఉలిక్కిపడతారు, ఒకే మనిషికి చక్కిలిగిలి పెట్టినట్టు. హీరో ఆశ్చర్యపోయేది మోహిని మాయమయ్యాక. ఆయన చెయ్యి మాత్రం ముందే ఆశ్చర్యపోతుంది. ఇవాళ వెనక్కి తిప్పి, ఆపి, మళ్ళీ చూసే వీలుంది కాబట్టి ఇవన్నీ మనకి దొరికిపోతున్నాయి. డేరాలో ఒక్కసారి చూసినవాడికి ఆ వీలెక్కడిది? పొగ చూసేలోపే మోహిని లేదు, అంతే.

రెండో ట్రిక్కు ఇంకా కష్టం. దెయ్యం గోడలోంచి నడిచి రావాలన్నా, ఒక మనిషి ఇద్దరిగా కనపడాలన్నా, ఒకే ఫిల్ముని రెండుసార్లు కెమెరాలో నడిపించాలి. మొదటిసారి లెన్సులో సగం మూసి ఒక సగం తీస్తారు. ఫిల్ముని వెనక్కి తిప్పి, ఆ మూసిన సగం తెరిచి, తీసిన సగం మూసి, రెండోసారి తీస్తారు. ఎక్కడ మొదలెట్టారో అక్కడికే ఫిల్ము వెనక్కి రావాలి. లెక్క తప్పితే దెయ్యం ఒకచోట, దాన్ని చూసి భయపడేవాడు మరోచోట ఉంటారు. అదెలా వచ్చిందో అక్కడికక్కడ చూసుకునే తెర లేదు. ల్యాబులో కడిగి తెచ్చాకే తెలుస్తుంది. ఫిల్ము రేటు, స్టూడియో అద్దె, నటుల డేట్లు, అన్నీ ఆ లెక్క మీదే వేలాడుతుంటాయి. ఆ రెండు సగాలూ కలిసే చోట సన్నగా వణికే గీత ఒకటి కనిపిస్తుంది. మనవలు నవ్వేది దాన్ని చూసే. నాకైతే ఆ గీత మీద గొప్ప గౌరవం.

ఇంకా ఉన్నాయి. గాల్లో తేలే వస్తువులకి పైనుంచి తీగలు. ఒక్కోసారి దీపం వెలుగు పడి ఆ తీగ కాస్తా తళుక్కుమంటుంది. ఎగిరొచ్చి చేతిలో వాలే వస్తువుని నిజానికి చేతిలోంచి విసిరేస్తారు, ఫిల్ముని వెనక్కి తిప్పి చూపిస్తారు. రాళ్ళు పడి మనుషులు చచ్చిపోయే సీన్లలో ఆ రాళ్ళు నేల మీద పడి గెంతుతాయి, అట్టతో చేసినవి మరి. అస్థిపంజరాలు నడిచేటప్పుడు వాటి చేతులు నడకతో సంబంధం లేకుండా వాటి ఇష్టం వచ్చినట్టు ఊగుతాయి. గుహ ఎప్పుడూ ఒకే గుహలా ఉంటుంది. అందులో ఓసారి మాంత్రికుడు తపస్సు చేస్తాడు, మరోసారి రాకుమారి బందీగా ఉంటుంది.

ట్రిక్కు సినిమాల్లో తెలుగువాళ్ళు అంతకు ముందే ఎంత ఎత్తుకెళ్ళారో మరిచిపోకూడదు. 1957లోనే కె.వి. రెడ్డి, మార్కస్ బార్‌ట్లీ కలిసి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరించారు. 1961లో ‘సీతారామ కళ్యాణం’కి రవికాంత్ నగాయిచ్ చేసిన మాయలు చూసి ఇప్పటికీ కెమెరామెన్లు తల పంకిస్తారు. వాళ్ళకి పెద్ద సంస్థల అండ ఉంది, పరీక్షించి చూసుకునే సావకాశం ఉంది. విఠలాచార్య దగ్గర ఆ రెండూ తక్కువ. పొదుపు ఎక్కువ. లడ్డూ ఎగరాలంటే తీగ కావాలి, టైము కావాలి, డబ్బు కావాలి. దెయ్యం పొయ్యిలో కాళ్ళు పెట్టాలంటే ఒక పొయ్యి, ఒక మనిషి, జాగ్రత్తగా పెట్టిన కెమెరా చాలు. లేమి ఆయన్ని అటు తోసింది. ఆ దృశ్యం ఇన్నేళ్ళు నిలిచిపోవడానికి కారణం అదే. ట్రిక్కు కంటే ముందు ఆయన ఊహ పరిగెత్తాల్సి వచ్చింది.

హీరో మేకయ్యాడు

ఆయన పొదుపు గురించి సినిమావాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఓ నటుడు సినిమా సగంలో ఉండగా డేట్లు ఇవ్వకుండా సతాయించినా, ఇంకొంచెం పారితోషికం పెంచమని బెట్టు చేసినా, ఆచార్యగారు బతిమాలరట. కథలోకి ఓ మునినో మాంత్రికుణ్ణో రప్పించి, ఆ పాత్రని మేకగానో చిలకగానో మార్పించేస్తారట. మిగతా సినిమా అంతా మేకతోనే లాగించేస్తారట. మేకకి మేకప్పు అక్కర్లేదు, కారు పంపనక్కర్లేదు, డైలాగు మరిచిపోదు. నటుడు ఇంట్లో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూస్తుంటే, స్టూడియోలో ఆయన పాత్ర గడ్డి మేస్తూ ఉంటుంది.

ఇందులో ఎంత నిజమో, ఎంత కల్పనో వేరుచేయడం ఇప్పుడు అయ్యే పని కాదు. ఆయన సినిమాలు నాలుగు చూసినవాళ్ళు మాత్రం దీన్ని నమ్మకుండా ఉండలేరు. ఎందుకంటే ఆయన కథల్లో మనుషులు జంతువులు కావడం అంత మామూలు సంగతి. ఆ ముద్ర మన మాటల్లోకీ ఎక్కేసింది. ఆఫీసులో ఫైలు మాయమైనా, ఎన్నికల్లో రాత్రికి రాత్రి పార్టీలు తారుమారైనా, ‘‘ఇదేమన్నా విఠలాచార్య సినిమానా?’’ అని మనం ఇప్పటికీ అంటున్నాం. ఆ మాట అనే కుర్రాళ్ళలో చాలామంది ఆయన సినిమా ఒక్కటీ చూసి ఉండరు. ఇలా సామెతగా మారిన దర్శకుడు తెలుగులో మరొకరున్నారా? నాకు తట్టడం లేదు.

‘జగన్మోహిని’ గెలిచాక ఆయన మోహినుల్ని వదల్లేదు. ‘గంధర్వకన్య’, ‘మదనమంజరి’, ‘నవమోహిని’, ‘మోహినీ శపథం’ అంటూ వరస కట్టాయి. ఎనభైల్లో 3డి మోజు వస్తే, ‘జై బేతాళ’ని 3డిలో తీసి దెయ్యాన్ని తెర బయటికి కూడా తోశారు. మొదటి మోహినికి ఉన్న ఊపు మాత్రం వాటికి రాలేదు. అదే పొగ, అదే నవ్వు, అదే గుహ చూసి చూసి జనానికి ముందే తెలిసిపోయేది. ఎంత దెయ్యమైనా రోజూ వస్తే చుట్టమైపోతుంది.

నవ్వు రానిది ఒక్కటే

ఈ సినిమా మొత్తంలో ఇవాళ నాకు నవ్వు రాని సంగతి ఒకటుంది. మోహిని ఎందుకు మోహిని అయింది? ఒక మగవాడు నమ్మించి మోసం చేశాడు కాబట్టి. ఆ మోసం చేసినవాడే మరో జన్మలో హీరో. అతన్ని కాపాడటానికి భార్య భక్తి, దేవి మహిమ, ఆడియెన్సు చప్పట్లు, అన్నీ ఒకవైపు చేరతాయి. మోసపోయినదాని వైపు ఎవరూ లేరు. ఆమె పగ తప్పు, అతని పాపం మాత్రం పోయిన జన్మది కాబట్టి లెక్కలోకి రాదు. పైగా ఆమెని తెర మీద వీలైనంత తక్కువ బట్టల్లో చూపించి, చూసినంతసేపు చూసి, చివర్లో ఆమెనే ఓడిస్తారు.

అట్ట రాళ్ళ కంటే, కనిపించే తీగల కంటే ఎక్కువ పాతబడింది ఇదే. అప్పటి జానపదంలో అంతే అని సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోలేను. ఎందుకంటే జయమాలిని ఆ పాత్రలో నిజంగానే ఓ బాధ చూపించింది. కళ్ళు పెద్దవి చేసి నవ్వే నవ్వులో పగ కనిపిస్తుంది, పగ వెనకాల పరాభవం కనిపిస్తుంది. ఆమెకు ఇచ్చిన బట్టల గురించి మాట్లాడినంతగా ఆమె నటన గురించి మనవాళ్ళు ఎప్పుడూ మాట్లాడలేదు. మళ్ళీ చూసేవాళ్ళు ఈసారి ఆమె కళ్ళు చూడండి.

కంప్యూటర్ మోహిని

తర్వాతి కాలంలో మన తెర మీద భయం చాలా వేషాలు మార్చింది. యండమూరి ‘తులసీదళం’ వారపత్రికలో వస్తున్నప్పుడే జనం చేతబడికి హడలిపోయారు. 1992లో రాంగోపాల్‌వర్మ ‘రాత్రి’ తీసి, దెయ్యాన్ని చూపించక్కర్లేదు, తలుపు వెనక ఏదో ఉందనిపిస్తే చాలన్నాడు. రేవతి కళ్ళలోని భయమే మనకి దెయ్యం. పొగ పోయింది, చప్పుడు వచ్చింది. ఆ దెబ్బకి విఠలాచార్య పద్ధతి ఒక్కసారిగా ముసలిదైపోయింది.

ఆయన దారి పూర్తిగా మూసుకుపోయిందా అంటే, లేదు. 1995లో కోడి రామకృష్ణ ‘అమ్మోరు’ తీశారు. అందులో సౌందర్య అమ్మవారి కాళ్ళ మీద పడి ఏడుస్తుంటే నాకు ప్రభ గుర్తొస్తుంది. మళ్ళీ అదే భక్తురాలైన ఇల్లాలు, అదే దేవి, అదే మొర. నిర్మాత శ్యాంప్రసాద్‌రెడ్డితో కలిసి ఆయనే 2009లో ‘అరుంధతి’ తెచ్చారు. అందులో పగతో తిరిగొచ్చింది మగ ప్రేతం. నిలబడి పోరాడింది ఆడది. ముప్ఫై ఏళ్ళలో లెక్క తిరగబడింది. అనుష్క ఆ పాత్రలో నిలబడ్డ తీరు చూస్తే, జయమాలినికి దక్కని న్యాయం ఇన్నాళ్ళకి మరొకరికి దక్కిందనిపించింది.

అదే 2009లో ‘జగన్మోహిని’ని తమిళంలో నమితతో మళ్ళీ తీశారు. ఎన్.కె. విశ్వనాథన్ దర్శకుడు, ఇళయరాజా సంగీతం. తెలుగులోకీ వచ్చింది. కంప్యూటర్ ఉంది, రంగులున్నాయి, తీగ కనపడే బాధ లేదు, ఎత్తిన చెయ్యి దిగిపోయే గొడవ లేదు. అన్నీ ఉన్నా పాత మోహిని పక్కన అది నిలబడలేకపోయింది. చూసినవాళ్ళని ‘‘అందులో ఏ సీను గుర్తుంది?’’ అని అడగండి. కాసేపు ఆలోచించి మళ్ళీ పాత సినిమాలోని పొయ్యి సంగతే చెప్తారు.

ఇప్పుడైతే దెయ్యం మనల్ని నవ్వించడానికే వస్తోంది. ‘ప్రేమకథా చిత్రమ్’, ‘గీతాంజలి’, ‘రాజుగారి గది’ వరసలో 2017 నాటికి ‘ఆనందో బ్రహ్మ’లో దెయ్యాలే మనుషుల్ని చూసి భయపడే స్థితి వచ్చింది. హాయిగా నవ్వుకున్నాం. అయితే వాటిలో ఎక్కడ భయపడాలో, ఎక్కడ నవ్వాలో ముందే గీత గీసి ఉంటుంది. విఠలాచార్యకి ఆ గీత లేదు. పొయ్యిలో కాళ్ళు పెట్టిన దెయ్యాన్ని చూసి పిల్లలు కెవ్వుమన్నారు, వాళ్ళ నాన్నలు పకపకా నవ్వారు, అమ్మలు ‘ఓసి నీ దుంపతెగ’ అన్నారు. ముగ్గురూ ఒకే చాప మీద కూర్చుని ఉన్నారు. ముగ్గురూ తమ కోసమే ఈ సినిమా తీశారనుకున్నారు. అలాంటి సినిమా ఈమధ్య ఎన్ని చూశాం?

ఒక పెద్ద తెర కావాలి

విఠలాచార్య 1999లో చెన్నైలో కన్నుమూశారు. బతికున్నన్నాళ్ళూ పండితులు ఆయన్ని గొప్ప దర్శకుల జాబితాలో చేర్చలేదు. అవార్డుల వేదికల మీద ఆయన పేరు పెద్దగా వినపడలేదు. ఆయన పట్టించుకున్న దాఖలా కూడా లేదు. డేరాలో టికెట్టు తెగిందా లేదా అన్నదే ఆయనకి తీర్పు. ఆ తీర్పు ఎప్పుడో వచ్చేసింది.

ఇప్పుడు ‘జగన్మోహిని’ చూడాలంటే చాలామందికి దొరుకుతున్నది వెలిసిపోయిన రంగులతో, గీతలు పడ్డ బొమ్మతో, చిన్న ఫోన్ తెర మీద. ముక్కలు ముక్కలుగా, ఎగతాళి కోసం కత్తిరించిన క్లిప్పులుగా. పిల్లలు నవ్వేది సగం ఆ సినిమాని చూసి, సగం దాని దురవస్థని చూసి. ఇది న్యాయం కాదు. ‘మాయాబజార్’కి రంగులద్ది 2010లో మళ్ళీ హాళ్ళలో వేస్తే జనం కుటుంబాలతో వెళ్ళి చూశారు. పాత సినిమా కదా అని ఎవరూ ఇంట్లో కూర్చోలేదు. ‘జగన్మోహిని’కి కొత్తగా రంగులు వెయ్యనక్కర్లేదు, ఉన్న రంగులు తిరిగి తెస్తే చాలు. తీగలు చెరపొద్దు. ఆ వణికే గీత చెరపొద్దు. పొగ ముందే వచ్చిన చోట ముందే రానివ్వండి.

2028కి ఈ సినిమాకి యాభై ఏళ్ళు నిండుతాయి. అందులో పనిచేసినవాళ్ళలో కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు. దీని హక్కులు ఎవరి దగ్గరున్నా, నెగెటివ్ ఏ గోదాంలో ఉన్నా, దయచేసి ఇప్పుడే బయటికి తీయించండి. ఫిల్ము ఎవరి కోసమూ ఆగదు, చెమ్మ తగిలితే అట్టకట్టి పోతుంది. పుణె ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది, హైదరాబాదులో, చెన్నైలో పాత ఫిల్ముని బాగుచేయగల నిపుణులున్నారు. ఓ మంచి ప్రింటు తయారుచేసి, హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఒక్క వారమైనా పెద్ద తెర మీద వెయ్యండి. తాతలు మనవల్ని వెంటబెట్టుకుని వస్తారు.